నడుమునకును, పంటికిని విరామము

బోధను ప్రాంతమనగనే చెరకు జ్ఞప్తికి వచ్చును. మంజీరా నదిపై 1923వ సంవత్సరమున ఆరంభింపబడి 1931 నాటికి పూర్తియైన నిజాంసాగరు జలాశయము ఈ నేలకు నీటి నిచ్చినది. ఆ నీటి వలన చెరకు పెరిగినది. ఆ చెరకు ఆధారముగ 1937లో బోధను చెంత శక్కరునగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడిన పిమ్మట చెరకు వేసిన పొలములలో పెక్కింట వరియు, ఇతర పైరులును వచ్చినవి. పైరు మారినది గాని పని తీరు మారలేదు. చెరకు నరకుట, వరి నాటుట, పసుపు త్రవ్వుట, ఇంటి పట్టున బీడీలు చుట్టుట - ఇవి యన్నియు నడుము వంచి చేయు పనులే. కూలి చేసికొని బ్రతుకువానికి భూమి లేకపోవచ్చును. నడుమొక్కటియే అతని ఆస్తి. అది చెడినచో ఆ కుటుంబమునకు ఆదాయమే యుండదు.

నడుము నొప్పితో పాటు పంటి నొప్పిని కూడ ఈ వ్యాసమున చేర్చి చెప్పుటకు కారణము కలదు. ఈ రెండును ఒక్కనాటి ప్రమాదము వలన వచ్చునవి కావు. దినదినము కొంచెము కొంచెముగ పడు దెబ్బ, మానుటకు వ్యవధి లేక పేరుకొనిపోవుట వలన వచ్చునవి. వంగినపుడు వెన్నెముకపై ఒత్తిడి పడును. లేచి నిలువబడిన తగ్గును. తీపి తినినపుడు పంటిపై ఆమ్లము పనిచేయును. నోరు ఖాళీగ నున్న పంటికి మరల బలము వచ్చును. కావున రెండింటికిని కావలసిన మందు ఒక్కటియే: విరామము. దీనికి పెద్ద వ్యయము లేదు, అలవాటు కావలెను. ఆ అలవాటునకు వీలు కల్పించుట గ్రామ పంచాయతీల చేతిలోని పని.

ఇది చిన్న బాధ యని ఉపేక్షింపరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి లెక్క ప్రకారము 2020వ సంవత్సరమున ప్రపంచమున 61 కోట్ల 90 లక్షల మంది నడుము నొప్పితో బాధపడిరి. నోటి వ్యాధులు గలవారు దాదాపు 350 కోట్ల మంది యని ఆ సంస్థయే 2022లో ప్రకటించినది.

నడుము పనిచేయు విధము

మన వెన్నెముకలో కదలునట్టి పూసలు 24 కలవు. అందు నడుము భాగమున నున్నవి 5. శరీరపు పై భాగపు బరువంతయు ఈ ఐదింటిపై పడును. పూసకును పూసకును నడుమ మెత్తని బిళ్ల యొకటి యుండును. ఎదిగిన మనిషిలో ఈ బిళ్లలకు రక్తనాళములు దాదాపు లేవు. నీటిని పీల్చి విడుచు స్పంజివలె, శరీరము కదలినపుడే ఇవి తమకు కావలసిన పోషణను గ్రహించును. అందువలన అధికమైన బరువు మాత్రమే గాక, గంటల తరబడి కదలకుండ ఒకే తీరున కూర్చుండుట కూడ నడుమునకు మంచిది కాదు.

జర్మనీ దేశమున ఉల్ము నగరపు శాస్త్రజ్ఞులు ఒక మనిషి నడుము బిళ్లలో సన్నని పరికరము నుంచి, ఆతడు చేయు పనులలో ఒత్తిడి ఎంత మారునో కొలిచి 1999లో ప్రకటించిరి. నిలువబడినపుడు ఆ ఒత్తిడి 1 అనుకొందము. 20 కిలోల బరువును ఛాతీకి ఆనించి పట్టుకొనిన అది 2 రెట్లకు కొంచెము పైన ఉండెను. అదే బరువును 60 సెంటీమీటర్ల దూరమున చేతులు చాచి పట్టుకొనిన మూడున్నర రెట్లకు పైగ నుండెను. మోకాళ్లు వంచక, నడుము వంచి నేలనుండి ఎత్తినపుడు నాలుగున్నర రెట్లు దాటెను. బరువు మారలేదు, మనిషి మారలేదు. మారినది ఎత్తిన తీరు మాత్రమే. గడ్డపారతో బండను పెకలించు రైతునకు ఈ సూత్రము తెలిసినదే. గడ్డపార పొడవైన కొలది మన బలము పెరుగును. బరువు మనకు దూరమైన కొలది దాని బలము మన నడుముపై అట్లే పెరుగును.

బరువు లెత్తుట

పూర్వము క్వింటాలు బస్తాలను వీపులపై మోసెడివారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఎదిగిన పురుషుడు చేతితో మోయు బరువు 55 కిలోలు మించకుండ చూడవలెననియు, స్త్రీలకును, చిన్న వయస్సు వారికిని అంతకంటె చాల తక్కువ యుండవలెననియు సూచించినది. నేడు ధాన్యము కొనుగోలు కేంద్రములలో బస్తాకు 40 కిలోలు నింపుచున్నారు. యూరియా సంచి 2018 నుండి 45 కిలోలైనది. బరువు తగ్గిన మాట నిజమే. కాని దినమునకు వంద సార్లు ఎత్తువానికి ఎత్తు పద్ధతి తెలియవలెను.

బస్తాకు దగ్గరగ నిలువవలెను. పాదములు ఎడముగ నుంచి, మోకాళ్లు వంచి దిగవలెను. బరువును ఒడలికి ఆనించుకొని కాళ్ల బలముతో లేవవలెను. లేచిన పిదప నడుము మెలి తిప్పరాదు. పాదములను జరపి, మొత్తము శరీరముతో తిరుగవలెను. నేలపైనున్న బస్తాను ఒంటరిగ ఎత్తుటకంటె ఇద్దరు పట్టుట మేలు. బస్తాలను నేలపై గాక నడుమెత్తు గద్దెపై పేర్చినచో సగము బాధ తప్పును.

మరియొక సంగతి ముఖ్యమైనది. గంట సేపు వంగి నాట్లు వేసిన పిమ్మట, లేదా చాల సేపు బండిపై కూర్చున్న పిమ్మట, వెంటనే బరువు నెత్తరాదు. వంగి యుండుట వలన నడుములోని కట్లు సాగి వదులై యుండును. రెండు మూడు నిమిషములు నిలువబడి, చేతులు నడుముపై ఆనించి కొంచెము వెనుకకు వంగి, పది అడుగులు నడచిన తరువాత ఎత్తవలెను.

పొలమునను, ఇంటను

చెరకు గడ మొదలున తీపి అధికము. అందుచే నేలకు ఆనించి నరుకక తప్పదు. వంగుట తప్పనిదైనపుడు ఒక మోకాలు వంచి దిగుట, కొంత సేపు నరకి కొంత సేపు కట్టలు కట్టుట, కట్టలను చిన్నవిగ కట్టుట చేయవలెను. నాట్లు వేయు స్త్రీలు కొన్ని వరుసల కొకసారి నిటారుగ నిలిచి వెనుకకు వంగవలెను. నారు అందించు పనిని, నాటు పనిని వంతుల వారీగ మార్చుకొనవలెను. వరుసలలో నాటిన వరికి కోనో వీడరు వంటి పరికరముతో నిలువబడియే కలుపు తీయవచ్చును. పారకును, చీపురునకును పొడవైన కఱ్ఱ అమర్చుట ఏ గ్రామపు వడ్రంగియైన చేయగల పని.

నిజామాబాదు, కామారెడ్డి జిల్లాలలో అసంఖ్యాకముగ స్త్రీలు ఇండ్లలో బీడీలు చుట్టుచున్నారు. చేటను ఒడిలో నుంచుకొని, మెడ వంచి, ఆకు కత్తిరించుట మొదలు దారము చుట్టువరకు గంటల కొలది కదలకుండ కూర్చుందురు. వారు గోడకు వీపు ఆనించి కూర్చుండవలెను. మడచిన గోనెసంచిని పిఱ్ఱల క్రింద ఎత్తుగ నుంచుకొనిన నడుము సహజముగ నిటారగును. చేటను చిన్న పీటపై నుంచిన మెడ వంపు తగ్గును. అరగంట కొకసారి లేచి వాకిలి వరకు పోయి రావలెను. ఇందువలన బీడీల లెక్క తగ్గునని భయపడనక్కరలేదు; నొప్పితో చుట్టు చేతికంటె, కొంత ఊరట గలిగిన చేయి వేగముగ పనిచేయును. పని ముగిసిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనకుండ అన్నము ముట్టరాదు. పొగాకు ధూళి నోటిలోనికి పోవు మార్గ మదియే.

నొప్పి వచ్చినపుడు

నడుము పట్టినవారు మంచమెక్కి పరుండుట మన వాడుక. ఇది పాత నమ్మకము. తట్టుకొనగలిగినంత మేర లేచి తిరుగుచు, తేలికపాటి పనులు చేయుచుండుటయే మేలని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఎక్కువ మందికి కొన్ని వారములలో నొప్పి దానంతట అదే తగ్గును. వేడి కాపడము ఉపశమన మిచ్చును. తగ్గిన నొప్పి మరల రాకుండుటకు నడక మంచిదని ఆస్ట్రేలియాలో జరిగి 2024లో ప్రకటింపబడిన పరిశోధనలో తేలినది. వారమున ఐదు దినములు అరగంట చొప్పున నడచుట లక్ష్యముగ గైకొని, తగిన సలహాలు పొందిన వారిలో సగము మందికి 208 దినముల వరకు నొప్పి తిరుగబెట్టలేదు. అట్లు చేయనివారిలో అది 112 దినములే.

ఎదురుకాళ్లతో పుట్టినవారిచే నడుము తన్నించుకొనిన పట్టు వదలునను నమ్మకము గ్రామములలో నేటికిని కలదు. ఎముకలు పెళుసెక్కిన వృద్ధులకు ఇట్టి తాకిడి వలన పూస చిట్లవచ్చును. నొప్పి మాత్రలను నెలల తరబడి సొంతముగ మ్రింగుట వలన కడుపునకును, మూత్రపిండములకును హాని కలుగును. చదువులేని వైద్యుల సూదిమందు లంతకంటె ప్రమాదకరములు.

కొన్ని లక్షణములు కనిపించినచో ఒక్క దినము కూడ ఆగరాదు. మూత్రము బిగియుట లేక అదుపు తప్పుట, మలద్వారము చుట్టును తిమ్మిరి యెక్కుట, కాలు బలము కోల్పోవుట - ఇవి వెన్నులోని నరములు నొక్కుకొనిపోవుచున్న గుర్తులు. వీరిని వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. నడుము నొప్పితో పాటు జ్వరము, సన్నగిల్లుట ఉన్నయెడల వెన్నుపూసకు క్షయ సోకినదేమో చూపించుకొనవలెను. చెట్టు మీదనుండియో బండి మీదనుండియో పడిన తరువాత వచ్చిన నొప్పిని కూడ పరీక్ష చేయింపవలెను.

పంటికి కలుగు హాని

ఇక పంటి సంగతి. మన నోటిలో సూక్ష్మజీవులు ఎల్లప్పుడు నుండును. మనము తీపి తినినపుడు అవియు తిని, ఆమ్లమును విడుచును. ఆ ఆమ్లము పంటిపైనున్న పింగాణి పొరను కరగించును. తరువాత లాలాజలము ఆ ఆమ్లమును విరిచి, పంటికి మరల ఖనిజములను చేర్చును. ఇందుకు అరగంట నుండి గంట వరకు పట్టును. కావున ఎంత తీపి తినితిమి అనుదానికంటె ఎన్ని మారులు తినితిమి అనునది పంటికి ముఖ్యము. భోజనముతో పాటు ఒక లడ్డు తినిన పంటికి ఒక్కటే దెబ్బ. అదే లడ్డును ముక్కలు చేసి సాయంకాలము వరకు కొరుకుచుండిన పంటికి విరామమే యుండదు.

ఒకప్పుడు తీపి పండుగలకు మాత్రమే వండెడివారు. నేడు పొలము గట్టునకు కూడ టీ వచ్చుచున్నది. చిన్నపిల్లల చేతిలో బిస్కట్ల పొట్లము ఉండుచున్నది. కలిపిన చక్కెర దినమునకు 25 గ్రాములు, అనగా ఆరు చిన్న చెంచాలు, మించకుండుట మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. గ్లాసునకు రెండు చెంచాల చొప్పున నాలుగు టీలు త్రాగిన ఎనిమిది చెంచాలగును. చక్కెరకు బదులు బెల్లము వాడిన పంటికి మేలని కొందరు తలతురు. పంటిలోని సూక్ష్మజీవులకు ఆ భేదము లేదు. బెల్లము పంటికి అంటుకొని ఇంకను ఎక్కువ సేపు నిలుచును. చెరకు తోటలో గడ నమిలినవారు వెంటనే నీటితో నోరు పుక్కిలింపవలెను. గట్టి కణుపులను పండ్లతో చీల్చుట, సీసా మూతలు పండ్లతో ఊడదీయుట మానవలెను. ఒకసారి పగిలిన పన్ను ఎముకవలె అతుకుకొనదు.

ఆరేండ్ల దవడ పన్ను

తల్లిదండ్రు లందరును తెలిసికొనవలసిన విషయ మొకటి కలదు. బిడ్డకు ఆరవ యేట పాల పండ్ల వెనుక, ఏ పన్నును ఊడకుండగనే, కొత్త దవడ పన్ను మొలచును. ఇది శాశ్వతమైనది. అందరును దీనిని పాల పన్నుగ భావించి, పుచ్చినను ఊడిపోవునదే కదా యని విడిచిపెట్టుదురు. ఆ పన్ను పోయిన మరల రాదు. అరువది యేండ్లు అన్నము నమలవలసిన పన్ను ఎనిమిదవ యేటనే పోవుట మన అజ్ఞానము వలన కలుగు నష్టము.

పండ్లు తోము విధము

ఉదయము, రాత్రి పరుండబోవు ముందు - రెండు పూటల తోమవలెను. రాత్రి నిద్రలో లాలాజలము తగ్గును. అందుచే రాత్రి తోముటయే మరింత ముఖ్యము. ఆ తరువాత నీరు తప్ప ఏమియు తీసికొనరాదు. మెత్తని కుంచెతో, ఫ్లోరైడు గల పేస్టుతో, రెండు నిమిషములు తోమవలెను. మూడేండ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేండ్ల లోపు వారికి బఠాణి గింజంత పేస్టు చాలును. పిల్లలు దానిని మ్రింగకుండ ఉమ్మునట్లు చూడవలెను. వేపపుల్ల వాడువారు దాని కొసను మెత్తగ నమిలి, చిగుళ్లు గీరుకొనకుండ తోమవలెను. అయినను పేస్టులోని ఫ్లోరైడు చేయు మేలు పుల్లలో లేదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఇసుక పంటిని అరగదీయును. చిగుళ్ల నుండి రక్తము వచ్చుచున్నదని తోముట మానరాదు. పాచి నిలిచినందువలననే రక్తము వచ్చును. నెమ్మదిగ తోమిన కొలది తగ్గును. తగ్గనిచో చూపించుకొనవలెను. మధుమేహము గలవారికి చిగుళ్ల వ్యాధి త్వరగ ముదురును.

పుచ్చిన పంటికి పసుపు పెట్టినను, లవంగ నూనె పెట్టినను గుంట పూడదు. నొప్పి కొంత సేపు అణగును, అంతియే. పంటి నొప్పికి పొగాకు నొక్కిపెట్టుటయు, పొగాకు కలిసిన పొడితో తోముటయు మిక్కిలి ప్రమాదము. నొప్పికై మొదలిడిన పొగాకు వ్యసనమై నిలుచును. గుట్కాలోని పోకచెక్క కూడ నోటి కాన్సరుకు కారణమగును. నోరు పూర్తిగ తెరచుకొనకపోవుట, తెల్లని మచ్చ, రెండు వారములు దాటినను మానని పుండు - ఇవి కనిపించిన వెంటనే వైద్యునకు చూపవలెను. తొలిదశలో గుర్తించిన నోటి కాన్సరు నయము కాగలదు.

పంటిని, వెన్నును కూడ పట్టు నీరు

ఫ్లోరైడు కొద్దిగ పంటికి తాకిన మేలు. త్రాగు నీటిలో మితిమీరిన కీడు. ఇట్టి నీరు చిన్నతనమునుండి త్రాగినవారి పండ్లపై గోధుమరంగు మచ్చలు పడును. యేండ్లు గడచిన కొలది వెన్నెముక బిగిసి వంగకుండ పోవును. మన దేశమున ఈ వ్యాధి నాటి నెల్లూరు జిల్లాలో 1937లో గుర్తింపబడినది. నల్లగొండ జిల్లా దీని వలన పడిన కష్టములు అందరును ఎరిగినవే. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపల నుండుట మంచిది. వేరు నీరు దొరకని చోట 1.5 వరకు మన దేశపు ప్రమాణములు అనుమతించుచున్నవి. బోరు నీటిలో ఎంత కలదో రుచిని బట్టి తెలియదు; పరీక్ష చేయింపవలెను. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నల్లా నీరు శుద్ధిచేసిన నదీజలము. దానిని వదలి పరీక్షింపని బోరు నీటిని త్రాగుట తగదు.

పంచాయతీలు చేయదగిన పనులు

ఈ అలవాట్లను ఇంటింటికి పోయి చెప్పుట కష్టము. వానికి అనువైన ఏర్పాట్లు చేయుట పంచాయతీకి సాధ్యము. మేము సూచించునవి ఇవి:

1. ధాన్యము కొనుగోలు జరుగు చోటను, గోదాముల వద్దను నడుమెత్తు గద్దె యొకటి కట్టింపవలెను. నీటి కుళాయిల వద్ద బిందె నిలుపుటకు మోకాలెత్తు అరుగు ఉన్న, స్త్రీలు నేలనుండి బిందె నెత్తు బాధ తప్పును.

2. గ్రామములోని ప్రతి బోరు నీటిని పరీక్షకు పంపి, ఫలితమును ఆ బోరు వద్దనే వ్రాయింపవలెను.

3. పాఠశాలలో మధ్యాహ్న భోజనము పిదప పిల్లలందరును నోరు పుక్కిలించు అలవాటు చేయించుటకు నీటి వసతి యుండవలెను. ఒకటవ తరగతిలో చేరు ప్రతి బిడ్డకును దవడ పండ్లు చూపించు ఏర్పాటు చేయవలెను.

4. విద్యాలయమునకు 100 గజముల లోపల పొగాకు వస్తువులు అమ్మరాదని 2003 నాటి కేంద్ర చట్టము చెప్పుచున్నది. 18 యేండ్ల లోపు వారికి ఎక్కడను అమ్మరాదు. ఈ నియమమును దుకాణదారులకు తెలియజేసి అమలుపరుపవలెను.

5. మహిళా సంఘముల సమావేశములలో బీడీలు చుట్టు స్త్రీలకు గోనెసంచి, పీట, గోడ ఆనిక - ఈ మూడింటిని కూర్చుండి చూపింపవలెను. చెప్పిన మాటకంటె చూసిన పని నిలుచును.

6. ఆశా కార్యకర్తల సాయమున, మానని నోటి పుండ్లు గలవారిని, కాలి తిమ్మిరితో కూడిన నడుము నొప్పి గలవారిని గుర్తించి, మొదట పల్లె దవాఖానకును, అవసరమైన బోధను, నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రులకును పంపవలెను. నిజామాబాదున 2013 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల పనిచేయుచున్నది. దూరమను సాకు ఇప్పుడు చెల్లదు.

ఇన్నింటిని ఒకే మారు చేయలేకపోయినను, వచ్చు వరి కోతలకు ముందు గద్దె యొకటి కట్టుటయు, బడి తెరచిన మాసమున ఆరేండ్ల పిల్లల నోళ్లు చూపించుటయు ఏ చిన్న పంచాయతీకైనను సాధ్యమే. ఈ రెండింటిని రాబోవు గ్రామసభలో తీర్మానించి, పని ఎవరికి అప్పగించినదియు, ఎప్పటికి పూర్తిచేయవలసినదియు అందే వ్రాసికొనవలెనని మా మనవి.